తుడవని పలకలు

ఆ పొద్దు ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. బోడిగుట్ట మీద ఎండ పడి, మెల్లగా కిందికి దిగి, ఊరి కప్పుల మీదికి వచ్చేదాకా నేను మా ఇంటి అరుగు మీద నిలబడి చూస్తానే ఉన్నాను. ఏ మూలనన్నా ఇంత మసక కనపడుతుందేమోనని. కనపడలేదు. మబ్బు ఉండింటే నాకు చెప్పుకోవడానికి ఒక మాట ఉండేది. అంతకు ముందు పదిహేను రోజులూ, ఊళ్ళో లైట్లు ముందే ఆరిపోతున్న తప్పంతా మంచు మీదికి, మసక మీదికి తోసి తప్పించుకున్నాను. ఆ పొద్దు ఎండ తెల్లగా, గట్టిగా వచ్చింది. నరసన్న మామ బడికాడికి రమ్మని కబురు పెట్టినాడు.

మాది తంగేడుదొడ్డి. పత్తికొండకు పద్నాలుగు మైళ్ళు. ఇరవై రెండు ఇళ్ళు. నడుమ గుట్టలు అడ్డమని కరెంటు తీగ మా ఊరికి రాలేదు. రెండువేల ఆరులో ఒక సంస్థవాళ్ళు వచ్చి బడి మిద్దె మీద ఎనిమిది సోలార్ పలకలు బిగించి, వెనక గదిలో బ్యాటరీలు పెట్టి, ఇంటికి రెండు లైట్లు ఇచ్చి పోయినారు. వాటిని చూసుకునే మనిషి కావాలంటే, ఐదో తరగతి దాకా చదివినాడని ఊరు నన్ను ఒప్పుకొనింది. కర్నూలులో మూడు దినాలు పని నేర్పించినారు. నేర్పించింది పెద్ద పనేం కాదు. సోమవారం సోమవారం, పలకలు వేడెక్కక ముందే మిద్దె ఎక్కి, మెత్తని నూలుగుడ్డతో నీళ్ళు పెట్టి తుడవాలి. నెలకొకసారి మూతలు తీసి చూసి, తగ్గినదాంట్లో బ్యాటరీ నీళ్ళు పోయాలి. తీగలు బిగించినచోట తుప్పు పట్టకుండా చూసుకోవాలి. అంతే.

దానికి ఊరు నాకు కల్లంలో మేర ఇచ్చేది. కమ్మరికి, మంగలికి పంట కొలిచి ఇచ్చినట్టే, ఇంటికి నాలుగు శేర్ల జొన్నలు. లైటు మేర అనేవాళ్ళు. మా వంశంలో ఎవరికీ మేర అనేది లేదు. కల్లం గట్టున గోనెసంచి పట్టుకొని నిలబడితే, 'ఈరన్నకు ముందు కొలవండప్పా, రాత్రికి లైటు గావల్ల' అనేవాళ్ళు. ఆ మాట విని ఇంటికి పోతుంటే సంచి బరువు తెలిసేది కాదు.

బడి ముందర పది పన్నెండుమంది ఉన్నారు. నేను పోతూనే బొజ్జన్న నెత్తి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని ఆకాశం కల్లా చూసినాడు. గొర్రెలు మేపే మనిషి, ఊళ్ళో ఎవరినీ వదిలిపెట్టడు.

"ఏమప్పా చిన్న ఈరన్నా, ఈ పొద్దు మబ్బు యాడుండాదో రవ్వంత చూపీ. మాకు కండ్లు ఆనడంలా," అన్నాడు.

నలుగురు నవ్వినారు. నరసన్న మామ నవ్వలేదు. లైట్ల కమిటీకి ఆయనే పెద్ద.

"రాత్రి ఏడున్నరకే పోయినాయి. ముందర పదిదాకా ఉండేటివి. కూడు తినే చెయ్యి తట్టలో ఉండంగనే చీకటాయ. పలకలు తుడుస్తాండావా?"

"తుడుస్తాండా మామా."

"ప్రతి సోమారం?"

"ప్రతి సోమారం."

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. అందుకే ఊళ్ళో నా మాటకు కొంచెం విలువ ఉండేది. ఆ పొద్దు ఆ విలువనే వాడుకున్నాను. దసరా పోయినాక నేను మిద్దె ఎక్కింది ఒకేసారి.

ఆయుధపూజ నాడు మాకాడ మడకకు, గుంటకకు, కొడవలికి, అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. నాకు మేర తెచ్చిపెట్టే పనిముట్లు పలకలు. మొదటి రెండేళ్ళు అంచు మీద ఒక బొట్టు పెట్టి ఊరుకున్నాను. ఆ ఏడు ఘనంగా చేయాలనిపించింది. ఎనిమిది పలకలకూ ఆముదం పూసి మెరిపించి, ఒక్కొక్కదానికి అడ్డంగా మూడు విబూది పట్టెలు, నడుమ గంధం, గంధం మీద కుంకుమ. కింద నుండి చూసినవాళ్ళు, దేవుని నొసలు మాదిరి ఉందన్నారు.

పూజ చేసిన పనిముట్టు మీది బొట్టు మన చేత్తో తుడవకూడదని మాకాడ కట్టుబాటు. పనిలో అరిగి పోవాలి, లేదంటే వానకు పోవాలి. మా నాయన అట్లే చేసేవాడు, ఆయన నాయనా అట్లే. మడక అయితే మట్టిలో తిరుగుతుంది, రెండు సాళ్ళు పోయేసరికి కర్రు మీద ఏమీ మిగలదు. పలక దేనికీ రాసుకోదు. ఎండలో పడుకొని ఉంటుంది, దాని పని అదే. ఇది నాకు తట్టలేదు.

పండగ తర్వాత సోమవారం గుడ్డ తడుపుకొని మిద్దె ఎక్కినాను. పట్టెలు చూస్తే చెయ్యి రాలేదు. వానకు పోతాయిలే అనుకొని దిగినాను. ఆ ఏడు దసరా తర్వాత చినుకు పడలేదు. రెండో సోమవారం నిచ్చెన మెట్టు మీద కాలు పెట్టి తీసినాను. మూడో సోమవారం నుండి, ఎక్కకుండా ఉండడానికి నాకు దేవుడు కూడా అక్కరలేకపోయినాడు. పొద్దున్నే చలి, దుప్పటి కింద వెచ్చగా ఉండేది, అంతే. నిచ్చెన మా ఇంట్లోనే ఉండేది కాబట్టి ఇంకొకరు ఎక్కి చూసేది లేదు.

నేను తుడుస్తున్నానని చెప్పినాక తప్పు ఇంకో చోట ఉండాలి కదా. అది పోయి పోయి నాగక్క మీద వాలింది.

నాగక్కకు యాభై ఏండ్లుంటాయి. మొగుడు పోయి పదేండ్లు. ఒకతే కూతురు, సుజన. దూరం తుమ్మలపల్లెలో గని పనికి పోయే పిల్లోనికి ఇచ్చింది. ఆ అల్లుడు దీపావళికి వచ్చినప్పుడు ఒక పాత ఫోను ఇచ్చి పోయినాడు. ఊరంతటికీ అదొక్కటే ఫోను. ఆమె లైటు తీగకు చిన్న ప్లగ్గు బిగించి ఇచ్చింది నేనే. ఊళ్ళో సిగ్నలు దొరకదు. ఊరి పైన పెద్దగుండు ఎక్కితే దొరుకుతుంది. పొద్దు వాలేటప్పుడు ఫోను కొంగున ముడేసుకొని ఆ గుండు ఎక్కి కూర్చునేది, ఆ టయానికి అల్లుడు చేసేవాడు. సుజనకు నెలలు నిండినాయి. రెండో కాన్పు. అత్తగారింట్లో ఆడదిక్కు లేదు. నొప్పులొస్తే ఫోను చేస్తారు, వెంటనే ఈమె బస్సెక్కాలి. ఇది ఊళ్ళో అందరికీ తెలుసు.

"ఇరవై రెండిండ్లల్లో లైట్లు తాగేది లైట్లే తాగుతాండాయి," అన్నాడు బొజ్జన్న. "ఒక్కింట్లో మాత్రం గోడకు ఒగ పిల్ల ఏలాడుతాండాది. రాత్రంతా సన్ను కుడిసినట్ల కుడుస్తానే ఉండాది. అది వచ్చినాకనే కదప్పా మనకు చీకటి."

నాగక్క గోడకు ఆనుకొని నిలబడి ఉంది. "రాత్రంతా యాడ పెడతాండా బొజ్జన్నా. మూడు దినాలకొకసారి పెడతా. నువ్వు వచ్చి చూసినావా?"

"నేనొచ్చి చూస్తే ఊరు ఊరుకుంటాదా అక్కా."

మళ్ళీ నవ్వినారు. నరసన్న మామ చెయ్యి ఎత్తి వాళ్ళను ఆపి నా వైపు తిరిగినాడు. "నీకు నేర్పించినారు కదప్పా. చెప్పు. ఫోను కరెంటు తాగుతాదా?"

"తాగుతాది మామా. ఎంతో కొంత."

అది అబద్ధం కాదు. అబద్ధం కాకపోవడమే దానిలోని చెడుతనం. నాగక్క అప్పుడు నా దగ్గరికి రెండడుగులు వచ్చింది.

"చిన్న ఈరన్నా, పలకలు నువ్వు తుడుస్తాండేది నిజమే కదా?"

"నిజమే అక్కా," అన్నాను, ఆమె మొగం చూసే.

ఒక నెల ఆమె తీగ తీసేసి చూద్దామని తేల్చినారు. కత్తిరించే పని నాది. కటింగ్ ప్లేయర్ తీసుకొని పోతే ఆమె గడప మీద నిలబడి ఉంది. అడ్డం నిలబడలేదు, పక్కకు జరిగింది.

"లైట్లు తీసుకోండప్పా. బుడ్డి ఎలిగించుకుంటా. సుజన కాన్పయ్యేదాకా ఆ ప్లగ్గు ఒగటి వదిలిపెట్టు ఈరన్నా."

"కమిటీ చెప్పింది అక్కా."

"కమిటీని కాదు నేను అడిగేది. నిన్ను అడుగుతాండా."

నేను తీగ కల్లా చూస్తూ నొక్కినాను. టక్కుమనింది. ఎండిన కంది కట్టె విరిచినప్పటి చప్పుడు.

ఆ తర్వాత ఆమె సంతకు పోయినప్పుడు పత్తికొండలో టమాటా మండీ పక్కన ఒక అంగట్లో ఛార్జింగు పెట్టుకొని వచ్చేది. పాత ఫోను, మూడు దినాలకే సచ్చిపోయేది. సచ్చిన ఫోనునే కొంగున ముడేసుకొని సాయంత్రం గుండు ఎక్కేది. ఏమనుకొని ఎక్కేదో. అలవాటై ఎక్కేదో. నేను మా గొడ్లపాకలో నుండి చూసేవాణ్ణి. గుండు మీద ఆమె, ఆమె వెనక ఎర్రగా పొద్దు. ఊళ్ళో లైట్లు మాత్రం ఏడున్నరకే పోతున్నాయి. "తాగినంత తాగి బ్యాటరీల కడుపు చెడగొట్టి పెట్టింది," అన్నాడు బొజ్జన్న. ఎవరూ కాదనలేదు. నరసన్న మామ పత్తికొండకు మనిషిని పంపి, సంస్థ మెకానిక్కును రమ్మని చెప్పించినాడు.

తీగ కోసిన తొమ్మిదో దినం మధ్యాహ్నం నాగక్క అల్లుడి తమ్ముడు బస్సు దిగి మూడు మైళ్ళు నడిచి వచ్చినాడు. సుజన కాన్పయి మూడు దినాలయిందంట. ఆడపిల్ల. నెత్తురు శానా పోయిందంట, ఆసుపత్రిలో పెట్టినారంట, ఇప్పుడు పరవాలేదంట. ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదంట. ఆ పిల్లోడు చెంబెడు నీళ్ళు తాగి ఇదంతా చెప్పేలోపే నాగక్క రెండు కోకలు మూటగట్టుకొని తలుపుకు గొళ్ళెం పెట్టింది.

నేను బడి గోడకాడ కూర్చొని ఉన్నాను. లేచి పోదామనుకొనేలోపే ఆమె వచ్చేసింది. నన్ను చూసి నిలబడింది. నాలుగు మాటలు తిడుతుందని తల వంచుకున్నాను.

"నీ తప్పేముందిలే ఈరన్నా," అనింది. "నీ పని నువ్వు సక్కంగానే చేస్తాంటివి. నా కర్మ."

చెప్పులు టపటపమంటూ పోయింది. ఆ చప్పుడు బాట మలుపు తిరిగేదాకా వినపడింది. తిట్టింటే ఇంటికి పోయి అన్నం తినేవాణ్ణి.

మరుసటి దినం మెకానిక్కు జయరాజ్ మోటారుసైకిలు మీద వచ్చినాడు. ముప్పై ఏండ్ల మనిషి, పలకలు బిగించినప్పటి నుండి తెలుసు. ఊరంతా శెనగ కోతకు పోయి ఉంది. బడికి సెలవు. నేనూ అతనూ తప్ప అక్కడ ఎవరూ లేరు. మీటరు పెట్టి ఒక్కొక్క బ్యాటరీ చూసినాడు.

"వీటికి రోగమేం లేదప్పా. ఆకలి. పైనుంచి కూడే రావడంలా. నిచ్చెన తే," అన్నాడు.

నిచ్చెన తేవడానికి ఎంతసేపు పట్టించినానో నాకే తెలుసు.

మిద్దె మీద జయరాజ్ మొదటి పలక ముందర గొంతుక్కూర్చున్నాడు. ఆముదం మీద నాలుగు నెలల ఎర్రదుమ్ము కూర్చొని, ఎండకు కాలి, పాత బాణలి అడుగు మాదిరి అయిపోయింది. అయినా విబూది పట్టెలు కనపడుతూనే ఉన్నాయి. మూడు మూడు, ఎనిమిదింటి మీదా. గోటితో గీరి చూసినాడు. వాసన చూసినాడు.

"ఏందప్పా ఇది?"

"ఆయుధపూజ."

"ఏ ఏటిది?"

"పోయిన దసరాది."

అతను గోరు ప్యాంటుకు తుడుచుకున్నాడు. కొంచెంసేపు గుట్టల కల్లా చూసి, నా వైపు తిరిగి, "కరువు పనికి పోయినావా ఎప్పుడన్నా? చెరువుకట్టకు మట్టి మోసేదానికి?" అన్నాడు.

"పోయినా."

"వరసగా నిలబడి గంప చేతులు మార్చుకుంటాం కదా. నడుమ ఒగడు చేతులు కట్టుకొని నిలబడితే ఏమైతాది?"

"గంప ఆడనే నిలిచిపోతాది."

"ఈ గళ్ళు చూడు. పలకకు ముప్పై ఆరు. ఒగటికొగటి చెయ్యి అందిస్తాయి. నువ్వు పట్టె గీసిన గడి చేతులు కట్టుకొని నిలబడుండాది. మిగతావి ఎంత ఎగిరినా గంప కదలదు. పైగా ఆముదం. దుమ్ముకు అంతకన్నా చుట్టం లేదు."

తిట్టినట్టు చెప్పలేదు. బడిపిల్లోనికి చెప్పినట్టు చెప్పినాడు. నాకు నలభై నాలుగేండ్లు.

నేను కిందికి పోయి బూడిద, కొబ్బరిపీచు తెచ్చినాను. రెండూ చేతిలోనుంచి లాక్కొని పక్కన పెట్టినాడు. "గాజు గీరుకపోతే జన్మలో పోదు. కుంకుడుకాయలు నానబెట్టు. ఇప్పుడు కూడా వద్దు, కాలిన గాజు మీద చల్లనీళ్ళు పడితే చిట్లుతాది. పొద్దు వాలనీ."

పొద్దు వాలేదాకా బడి నీడలో కూర్చున్నాము. అప్పుడు అతని కన్ను గోడ మీద వేలాడే తీగ మీద పడింది.

"ఆ తీగ ఎవురింటిది? కోసినారే."

"నాగక్కది. ఫోను పెడతాండాదని."

"ఫోనా? అది ఎంత తాగుతాదని? నెలంతా పెట్టుకున్నా ఒగ లైటు ఒగ రాత్రికి తాగేంత తాగదు. ఎవరు చెప్పినారు కోయమని?" అని నా మొగం చూసి, మధ్యలోనే ఆపేసినాడు. నేల మీద పుల్లతో ఏవో గీతలు గీసినాడు. "నేను చెప్పి పోదునా ఊళ్ళో, నువ్వు చెప్తావా?"

"నేనే చెప్తా."

సాయంత్రం పదకొండు బిందెల నీళ్ళు మిద్దెకు ఎక్కించినాను. కుంకుడు రసం పోసి నానబెట్టి, నా పాత పంచె చింపి, మెల్లగా తుడిచినాము. మావి చవుడు నీళ్ళు, ఆరితే తెల్లమచ్చ పడుతుంది, అందుకని ఒకరు కడుగుతుంటే ఒకరు పొడిగుడ్డతో ఆరబెట్టినాము. మొదటి పట్టె మీద గుడ్డ పెట్టినప్పుడు మనసులో దండం పెట్టుకున్నాను. ఏమీ కాలేదు. కుంకుమ నీళ్ళల్లో కలిసి మిద్దె తూము గుండా కిందికి కారిపోయింది. ఇంత పనికి నాలుగు నెలలు. ఇంత పనికి ఆ మనిషి కూతురు తల్లి పక్కన లేకుండా కనింది.

మూడో దినానికి లైట్లు పదిదాకా ఉన్నాయి. జయరాజ్ వచ్చి పోయినట్టు నరసన్న మామకు తెలుసు కానీ, ఏమి చేసినాడో నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. అడగడానికి ఏముంది, కారణం ఊరికి ముందే తెలుసు కదా.

"చూసినారా, పిల్లను సన్ను మాన్పిస్తే ఆవు పాలు ఎట్ల సేపుతాండాదో," అన్నాడు బొజ్జన్న.

"ఆ పొద్దు ఈరన్న మొగమాటానికి పోయింటే మనం చీకట్లోనే ఉండేవాళ్ళం," అన్నాడు నరసన్న మామ. నా భుజం మీద చెయ్యి వేసినాడు. ఆ చెయ్యి తీసేదాకా నేను కదలలేదు. నోరు తెరిచినాను కూడా. "శెనగ ఎంత పండింది మామా," అని అడిగినాను.

ఇంటికి వస్తే నా భార్య హులిగెమ్మ జాలారు బండ మీద బట్టలు ఉతుకుతూ ఉంది. నేను మిద్దె మీద వాడిన పంచె ముక్క ఆమె చేతిలో ఉంది.

"దీనికి కుంకుమ యాడిదయ్యా? ఆముదం కంపు కొడుతాండాది. నాలుగుసార్లు సబ్బేసినా పోదు."

చెప్పినాను. నాకు చాతనయినట్టు ఐదారు మాటల్లో చెప్పినాను. ఆమె వింటూనే ఆ గుడ్డను బండకేసి బాదుతూ ఉంది. నేను ఆపినాక కూడా బాదింది.

"నాకు చెప్తే ఏమొస్తాది? తీగ కోసింది నాదా?"

"పూజ చేసినదాన్ని తుడవగూడదని..."

"దేవుని మీద పెట్టబాక. దసరా ఒగ దినం. ఆ తర్వాత సోమారాలు ఎన్నొచ్చినాయి?"

 ఆమె గుడ్డ పిండి తీగ మీద వేసింది. "ఆ యమ్మ ఊరి నుంచి వస్తాది కదా. అప్పటికన్నా నోరు తెచ్చుకో," అనింది. ఆ తర్వాత రెండు దినాలూ నాతో ఇంకో మాట మాట్లాడలేదు. కూడు పెట్టేది, పక్కకు పోయేది.

నాగక్క అమావాస్య నాడు వచ్చింది. అమావాస్యకు మాకాడ కాడి కట్టరు, మగవాళ్ళంతా బడి ముందరే ఉన్నారు. పదకొండు గంటల బస్సు దిగి, నడిచి, మూట నెత్తిన పెట్టుకొని బాట మలుపులో కనపడింది. పోయినప్పటికన్నా చిక్కింది. కాళ్ళకు మోకాళ్ళదాకా దుమ్ము.

"ఏమక్కా, మనమరాలు ఎవరి పోలిక?" అన్నాడు బొజ్జన్న.

"తల్లి పోలికే."

"బాగుందిలే. నువ్వు లేని దినాలు ఊరు పెండ్లింటి మాదిరి ఎలిగిపోయింది. ఇంగ ఆ ఫోనును మనమరాలికి ఆడుకోను ఇచ్చి రావల్సింది."

ఆమె నిలబడింది. మూట దించి చేతిలో పట్టుకుంది. "అంటే నేనే కదప్పా దొంగను."

"దొంగ అని ఎవురన్నారు నాగక్కా," అన్నాడు నరసన్న మామ, కొంచెం ఇబ్బందిగా. "తీగ తీసినాక బాగైంది. అంతే అంటాండారు."

 ఆమె మళ్ళీ మూట నెత్తికెత్తుకోబోయింది. ఆమె అట్లే ఇంటికి పోతే ఆ మాట ఇంక ఊళ్ళో నిలిచిపోతుంది. సుజన వచ్చినా, దాని పిల్లలు వచ్చినా, లైట్లు ఆర్పిన ఇంటివాళ్ళనే అంటారు. నేను లేచినాను. లేచినానని నాకు తెలిసేలోపే అందరూ నా కల్లా చూస్తున్నారు.

"పలకలు నేను తుడవలేదు," అన్నాను.

"ఎప్పుడు?" అన్నాడు నరసన్న మామ.

"దసరా నుంచి. ఆయుధపూజకు ఆముదం పూసి పట్టెలు పెట్టినా. తుడవగూడదని వదిలిపెట్టినా. దాని మీద దుమ్ము పట్టి లైట్లు పోయినాయి. జయరాజ్ వచ్చి చూపించినాడు. ఆ దినం కడిగినాము, అందుకే ఎలుగుతాండాయి. ఫోనుతో ఏం కాలేదు. అది నెలంతా తాగినా ఒగ లైటు ఒగ రాత్రి తాగినంత లేదంట."

"మరి ప్రతి సోమారం అంటివే."

"అబద్ధం చెప్పినా మామా."

బొజ్జన్న ఏదో అనబోయినాడు. "అంటే దేవునికి పెట్టిన బొట్టు మనకు..." అని మొదలుపెట్టి, ఎవరూ నవ్వరని తెలిసి ఆపేసినాడు. గొర్రెల కర్రతో నేల పొడుస్తూ కూర్చున్నాడు. నరసన్న మామ తల గుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేసింది ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

నాగక్క నా ముందరికి వచ్చింది. నేను ఆమె కాళ్ళ మీది దుమ్ము చూస్తున్నాను.

"ఆ పొద్దు నేనడిగితే నా మొగం చూసి చెప్పినావు కదప్పా," అనింది. "ఇప్పుడు యాడ చూస్తాండావు?"

తలెత్తినాను. ఆమె కండ్లల్లో నీళ్ళేమీ లేవు. అలసట ఉంది.

"నొప్పులప్పుడు దానికి పట్టుకొనేదానికి చెయ్యి లేక మంచంకోడు పట్టుకొనిందంట. ఆడోళ్ళు ఎవరో వచ్చినారులే, పరాయోళ్ళు. నాకు చెప్పి ఏడ్చింది. ఎందుకు రాలేదమ్మా అని అడిగింది. ఊళ్ళో లైట్లకు అడ్డమని నా తీగ కోసినారని చెప్తి. నా బిడ్డ కూడా నాదే తప్పనుకొనింది."

మూట ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది.

"పోయేనాడు నీ తప్పేముందిలే అంటి. ఆ మాట వాపసు తీసుకుంటాండా," అనింది. మూట ఎత్తుకొని ఇంటికి పోయింది.

"పోయి తీగ కలుపు ముందు," అన్నాడు నరసన్న మామ. "మేర సంగతి, నీ సంగతి తర్వాత మాట్లాడుదాం."

"మేర వద్దు మామా," అన్నాను. అది పెద్ద మాట మాదిరి వినపడింది, అందుకు కూడా సిగ్గయింది.

నాగక్క ఇంటి తలుపు తీసే ఉంది. ఆమె లోపల వసారా ఊడుస్తూ ఉంది. నేను తీగ కొసలు చెక్కి, మెలిపెట్టి, టేపు చుట్టినాను. ఒక నిమిషం పని. ఎప్పుడూ ఒక నిమిషం పనే. ప్లగ్గు లాగి చూసినాను, గట్టిగానే ఉంది. పోదామని గడప దాటుతుంటే హులిగెమ్మ ఎదురుగా వచ్చింది. నెత్తిన గంప, దాని మీద తడిగుడ్డ. నన్ను చూడనట్టే లోపలికి పోయింది.

"ఇన్ని దినాలు తలుపేసిన ఇల్లు. పొయ్యి యాడ రాజేస్తావులే అక్కా," అని గంప దించింది. జొన్న సంగటి, చుక్కాకు పప్పు, శెనక్కాయల ఊరిమిండి పచ్చడి. నేను బడికాడ లేచి నిలబడింది హులిగెమ్మ మా అరుగు మీద నుండి చూసే ఉంటుంది.

నాగక్క చీపురు మూలకు పెట్టి, చెయ్యి కడుక్కొని, గంప మీది గుడ్డ తీసి చూసింది. ఉట్టి మీద నుండి తట్టలు దించింది. ఒకటి. రెండు. కొంచెం ఆగి, మూడోది కూడా దించింది.

నేను గడపలో నిలబడి ఉన్నాను. నన్ను ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మని కూడా అనలేదు. మూడో తట్ట నేల మీద పెట్టిన చోట కూర్చున్నాను.

నాగక్క సంగటి ముద్దను మూడుగా తుంచింది. నా తట్టలో పెట్టిన ముద్ద పెద్దది కాదు, చిన్నది కాదు. దాని మీద గుంట చేసి పప్పు పోసింది, పక్కన ఊరిమిండి పెట్టింది. తన తట్ట తీసుకొని గోడవారగా కూర్చొని తినడం మొదలుపెట్టింది. ఆకలిగొన్న మనిషి తిన్నట్టు, తల ఎత్తకుండా తినింది. హులిగెమ్మ ఆమె పక్కన కూర్చొని తినింది. నీళ్ళ చెంబు ఒకరి చేతి నుండి ఒకరి చేతికి పోయింది. చెంబు నా దగ్గరికి వచ్చినప్పుడు నాగక్క దాన్ని చేతికి ఇవ్వలేదు, నేల మీద నా వైపు జరిపింది.

 తట్టలో వదిలి లేచే మొగం నాకు లేదు. మెతుకు మిగలకుండా తిన్నాను.